పగటి బట్ట, రాత్రి పడక

శుచి యనునది పగటికి మాత్రమే సంబంధించిన ధర్మమని మనలో పెక్కురు తలంచుచున్నట్లు కానవచ్చుచున్నది. ఉదయమున లేచి, పండ్లు తోముకొని, స్నానమాడి, ఉతికిన దుస్తులు ధరించి, తల దువ్వుకొని బడికి వచ్చు బాలుని జూచి, ఎంత శుభ్రముగా నున్నాడని సంతోషింతుము. బడిలో గోళ్లు చూతురు, తల చూతురు, చొక్కా చూతురు. కాని యా బాలుడే గడచిన రాత్రి ఏ బట్టతో పండుకొనెనో, కాళ్లు కడుగుకొనెనో లేదో, ఎవరి దుప్పటి కప్పుకొనెనో యడుగువారు లేరు. పరులకు గనబడని శుభ్రత మనకు శుభ్రతగానే తోచుట లేదు.

6 మొదలు 12 ఏండ్ల వయస్సు గల పిల్లలకు దినమునకు 9 మొదలు 12 గంటల నిద్రయు, 13 మొదలు 18 ఏండ్ల వారికి 8 మొదలు 10 గంటల నిద్రయు కావలెనని అమెరికా దేశపు నిద్రావైద్యుల సంఘము 2016లో ప్రకటించినది. అనగా మన విద్యార్థుల జీవితములో మూడవ వంతు, చిన్నవారి జీవితములో అంతకంటె నెక్కువ భాగము, ఒక్క బట్టలో, ఒక్క పడకమీద గడచిపోవుచున్నది. ఇంత దీర్ఘకాలము శరీరమునకు ఎడతెగక తగులుచుండు వస్తువు మఱొకటి లేదు. అట్టి దానిని గూర్చి యాలోచింపకుండుట వివేకము కాదు.

ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఒక్కటే. పగలు ధరించిన బట్ట రాత్రి పడకకు రాగూడదు. రాత్రికొక ప్రత్యేకమైన, వదులైన, ఉతికిన నూలుబట్ట ప్రతి బిడ్డకును ఉండవలెను. ఇది ధనికుల వేడుక కాదు. ఒకే గదిలో నలుగురైదుగురు కలిసి పండుకొను నింటనే దీని యవసరము మెండు.

మన యిండ్లలో జరుగునది చూడుడు. పిల్లవాడు సాయంకాలము బడినుండి వచ్చును. సంచి మూలబెట్టి, బడిదుస్తులతోనే వీధిలోనికి పరుగిడి దుమ్ములో ఆడుకొనును. ఆ బట్టలతోనే అన్నము తినును, చాపమీద బోర్లపడి పాఠములు చదువును, చదువుచునే నిద్రపోవును. తల్లి వచ్చి, లేపుటకు మనసొప్పక, దుప్పటి కప్పి పోవును. దినమెల్ల పట్టిన చెమట, దుమ్ము, బస్సులోను బెంచీమీదను అంటిన మురికి, ఇవి యన్నియు ఆ బిడ్డతో కూడ పడకనెక్కినవి. ఉదయమున మీది చొక్కా మార్చినను లోదుస్తులు మార్చని పిల్లలు కలరు. ఇది బీదయిండ్లలోనే కాదు, ఉద్యోగస్థుల యిండ్లలోను కలదు.

దీనివలన నష్టమేమని యడుగువారికి మొదట నిద్ర యెట్లు వచ్చునో చెప్పవలసియున్నది. రాత్రియగుచుండగా మన దేహపు లోపలి వేడిమి క్రమముగా తగ్గనారంభించును. ఈ తగ్గుదల సుమారు ఒక డిగ్రీ సెల్సియసు వరకు నుండును. లోపలి వేడి చర్మమునకు, ముఖ్యముగా అరచేతులకును పాదములకును వచ్చి, అచ్చటినుండి వెలుపలికి పోవును. పాదములు వెచ్చబడినవారికి నిద్ర శీఘ్రముగా బట్టునని స్విట్జర్లండులోని బాసెలు నగరపు పరిశోధకులు 1999లో వెల్లడించిరి. పాదములకు రక్తము బాగుగా ప్రవహించి వెచ్చబడుటయే, లోపలి వేడిమి వెలుపలికి పోవుచున్నదనుటకు గుర్తు. ఇట్లుండగా బిగుతైన నడుముపట్టీయు, మందమైన బడి నిక్కరును, చెమటతో తడిసిన బనియనును బిగించుకొని పండుకొన్నవాని వేడిమి యెట్లు పోగలదు? అతడు రాత్రియెల్ల పొర్లాడును, పలుమార్లు మేలుకొనును, ఉదయము తరగతిలో తూగును. ఉపాధ్యాయుడు సోమరియని గద్దించును. ఆ గద్దింపులో కొంత పాలు ఆ నిక్కరుకు జెందవలసినదే.

రెండవది చర్మము. మన ప్రాంతము ఉష్ణప్రాంతము. సముద్రతీరపు జిల్లాలలో గాలియందు తేమ యెక్కువ. తెలంగాణమునను వానకాలమందు అంతే. గజ్జలలోను, చంకలలోను, నడుము చుట్టును, వ్రేళ్లసందులలోను తడి నిలిచిన చోట తామర పెరుగును. తామర రక్తదోషము కాదు, శాపము కాదు, వేడిచేయుటయు కాదు. అది కంటికి గనబడని శిలీంధ్రము, అనగా బూజు జాతిది. చెమట, వేడి, ఒరిపిడి దానికి ఆహారమువలె పనిచేయును. ఒకరి తువాలు, ఒకరి లుంగీ, ఒకరి లోదుస్తులు వేఱొకరు వాడుటచే అది యింటిల్లిపాదికిని అంటును. ఇటీవలి కాలమున మన దేశములో ఈ వ్యాధి మునుపటివలె సులభముగా మాన్పబడుట లేదు. మామూలు మందులకు తేలికగా లొంగని ట్రైకోఫైటాను ఇండోటినియే యను జాతికి శాస్త్రజ్ఞులు 2020లో ఆ పేరు పెట్టిరి. ఆ పేరులోనే మన దేశపు పేరు చేరియుండుట మనకు గర్వకారణము కాదు.

ఈ సందర్భమున తలిదండ్రులకు ఒక హెచ్చరిక. తామరకు వైద్యుని యొద్దకు పోక, అంగడికి పోయి ఒక గొట్టము మందు తెచ్చి పూయుట మన వాడుక. ఆ మందులలో పెక్కింట స్టెరాయిడు కలిసియుండును. పూసిన రెండు దినములలో దురద తగ్గును. లోపల శిలీంధ్రము మాత్రము వ్యాపించుచునే యుండును. కొన్నాళ్లకు చర్మము పలుచనై చారలు పడును, వ్యాధి మునుపటికంటె విస్తరించును. ఇట్టి స్టెరాయిడు పూతమందులు కొన్ని వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని భారత ప్రభుత్వము 2018లో కట్టుదిట్టము చేసినది. చట్టము అంగడివానిని ఆపవలెను. కాని కొనువారే అడుగకున్న, అమ్మువాడెవరికి అమ్మును?

గజ్జి సంగతి వేఱు. అది శిలీంధ్రము కాదు, పురుగు. ఆడుపురుగు చర్మము పైపొరలో సొరంగము త్రవ్వుకొని గ్రుడ్లు పెట్టును. దాని దురద రాత్రివేళ హెచ్చగును. ముఖ్యముగా చర్మమునకు చర్మము చాలసేపు తగులుటచే వ్యాపించును గనుక, ఒక చాపమీద ఒత్తుకొని పండుకొను పిల్లలకు అది సులభముగా అంటును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీనిని నిర్లక్ష్యము చేయబడిన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చినది. వైద్యుడిచ్చిన పూతమందును దురద యున్నవాడు మాత్రమే గాక యింటనున్న వారందఱును ఒకే రాత్రి పూసికొనవలెను. మఱునాడు బట్టలు, దుప్పట్లు, తువాళ్లు మిక్కిలి వేడినీట ఉదికి యెండలో ఆరవేయవలెను. ఉదుక వీలుకాని వస్తువులను సంచిలో బెట్టి మూతి గట్టిగా కట్టి, వారము దినములు ముట్టకుండ ఉంచవలెను. మనిషి శరీరము విడిచిన ఆ పురుగు సాధారణముగా రెండు మూడు దినములకు మించి బ్రతుకదు. బిడ్డకు మందు పూసి, పాత దుప్పటినే మరల కప్పుట కుండకు చిల్లి యుంచి నీరు పోయుట వంటిది.

మూడవది మనస్సు. ఇది వైద్యగ్రంథములలో అంతగా కనబడదు, తరగతిలో మాత్రము ప్రతిదినము కనబడును. దురదగల పిల్లవాడు బల్లక్రింద చేయి పెట్టి దొంగతనముగా గోకుకొనును. ప్రక్కవాడు జరిగి కూర్చుండును. ఆటలలో అతని చేయి పట్టుకొనుటకు ఇష్టపడువారుండరు. అతడు చదువులో వెనుకబడుట మార్కుల పట్టికలో కనబడును. ఏల వెనుకబడెనో ఆ పట్టిక చెప్పదు. ఒక జత ఉతికిన రాత్రిబట్టలు ఈ యవమానమునుండి యెందఱు బిడ్డలను తప్పింపగలవో తలిదండ్రులు ఆలోచింపవలెను.

ఇక ఆక్షేపణలకు వత్తము. "అయ్యా, పగటికే బట్టలు చాలవు, రాత్రికి వేఱుగా నెక్కడనుండి తెత్తుము?" అని కొందఱు తల్లులు అడుగుదురు. న్యాయమైన ప్రశ్నయే. కాని నేను అంగడిలో అమ్మెడి నైటుసూటు కొనుమని చెప్పుట లేదు. తండ్రి కట్టి విడిచిన నూలుపంచె రెండుగా చింపిన ఇద్దఱు బాలురకు సరిపోవును. అన్నకు పొట్టియైన చొక్కా తమ్మునికి వదులుగా నుండును. తల్లి పాతచీరతో ఆడుపిల్లకు గౌను కుట్టవచ్చును. పాతబట్ట మెత్తనిది, చెమటను పీల్చును. ఈ పనికి క్రొత్తబట్టకంటె అదియే మేలు. చినిగినదైనను దోషము లేదు, మాసినది కారాదు. పైగా సాయంకాలమే బడిదుస్తులు విడిచి ఆరవేసినచో అవి తక్కువ మాయును, ఎక్కువ కాలము మన్నును. కావున లెక్కవేసి చూచిన ఇది వ్యయము కాదు, ఆదాయమే.

ఏ బట్ట మంచిదని యడిగిన, నూలుబట్టయే. నైలాను, పాలియెస్టరు బట్టలు నిగనిగలాడును, త్వరగా ఆరును. కాని చెమటను నూలువలె పీల్చవు. నిప్పు తగిలిన కరగి చర్మమునకు అంటుకొనును. దోమలచక్రము వెలిగించి పడక ప్రక్కనే యుంచు నిండ్లలో ఇది చిన్న ప్రమాదము కాదు. చలికాలమున ఆదిలాబాదు, అరకు వంటి చోట్ల వెచ్చదనము కావలెనన్న, ఒక మందపు బట్టకంటె రెండు పలుచని నూలుబట్టలు మేలు. వేడియైనప్పుడు ఒకటి తీసివేయవచ్చును. రాత్రివేళ బిగుతైన లోదుస్తులను విడిచి వదులుగా కట్టుకొనుట చర్మమునకు మంచిది.

రాత్రికి వేఱు బట్ట యనునది దొరల ఆచారమని వెక్కిరించువారును కలరు. వారు పైజామా కథ తెలిసికొనవలెను. పారసీక భాషలో పాయ్ అనగా కాలు, జామా అనగా వస్త్రము. మన దేశములో పగలు ధరించెడి ఈ వదులైన వస్త్రమును ఇచ్చటనున్న ఆంగ్లేయులు రాత్రికి సుఖమని గ్రహించి, 19వ శతాబ్దపు చివరి భాగమున తమ దేశమునకు గొనిపోయిరి. మన వస్త్రమే వారికి రాత్రివస్త్రమైనది. మనమో, దానికి మాఱుగా నైటీని దెచ్చుకొని, దానిని పగలెల్ల ధరించుచున్నాము! రాత్రి పండుకొన్న నైటీతోనే వంట, దానితోనే కూరగాయల బేరము, దానితోనే పిల్లవానిని బడిబస్సు నెక్కించుట, మరల దానితోనే నిద్ర. నైటీ ధరించుటలో తప్పు లేదు. వేసవిలో అది సుఖమైన వస్త్రమే. పగటిదియు రాత్రిదియు ఒకటే యగుటయే తప్పు. తల్లులారా, మీ బిడ్డలకు చెప్పుటకు ముందు రెండు నైటీలను వేఱుపఱచుకొనుడు.

మఱికొందఱు దోమలకు జడిసి తలనుండి పాదములవరకు ముసుగుతన్ని పండుకొందురు. ముసుగులో విడిచిన గాలినే మరల పీల్చవలసివచ్చును. ఉక్కపోతచే చెమటయు పట్టును. అయినను వారి భయము అసత్యము కాదు. మలేరియా క్రిమిని దోమ కడుపులో రొనాల్డు రాసు 1897 ఆగస్టు 20వ తేదీన కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. ఆ వ్యాధిని మోయు అనాఫిలిసు దోమయు, బోదకాలు వ్యాధిని మోయు క్యూలెక్సు దోమయు రాత్రులందే కుట్టును. వీటికి మందు ముసుగు కాదు, దోమతెర. చేతులు, కాళ్లు కప్పునట్టి పలుచని నూలుబట్ట ధరించి, దోమతెర అంచులను పడకక్రింద దోపి, ముఖము విప్పుకొని పండుకొనవలెను.

బట్ట మార్చుటతో పని ముగియలేదు. మన పెద్దలు కాళ్లు కడుగుకొననిదే పడక నెక్కనిచ్చెడివారు కారు. ఈ మంచి యాచారము చెప్పులు వచ్చిన తరువాత మఱుగున బడినది. పాదములు, ముఖము, మెడ, చంకలు, గజ్జలు నీటితో కడిగి, పొడిగా తుడుచుకొనవలెను. పొడిగా అను మాటను మఱువరాదు. కడిగి తుడువని వ్రేళ్లసందు కడుగని దానివలెనే చెడును. మొలత్రాడు తడిసియున్న దానిని కూడ తుడువవలెను. తువాలు ఎవరిది వారికే. తడి తువాలును ట్రంకు పెట్టెలో మడిచి దాచుట బూజును పెంచుటయే.

పండ్లు ఉదయము తోమినచో చాలునని మనవారి నమ్మకము. నిద్రలో నోట లాలాజలము ఊరుట మిక్కిలి తగ్గును. పగలు పండ్లను కడుగుచుండెడి ఆ నీరు లేని వేళ, రాత్రి తిన్న అన్నము, మిఠాయి, పాలు పండ్లసందున నిలిచి పులిసి పంటిని తినును. కావున రెండుమార్లలో ఒకటి మానవలసివచ్చిన, ఉదయముది మానుడు గాని రాత్రిది మానకుడు. రెండును చేయుట ఉత్తమము.

ఎదిగిన ఆడుపిల్లల తల్లులకు ఒక మాట సిగ్గువిడిచి చెప్పవలసియున్నది. నెలసరి దినములలో పండుకొనుటకు ముందును, లేచిన వెంటనేయు శుభ్రమైన గుడ్డను గాని ప్యాడును గాని మార్చుకొనవలెనని వారికి నేర్పుడు. గుడ్డలు వాడువారు వాటిని సబ్బుతో ఉదికి యెండలో ఆరవేయవలెను. ఎవరైన చూతురని తలుపుమూల చీకటిలో తడిగా దాచినచో, ఆ తడియే వ్యాధికి మూలమగును. ఎండలో ఆరిన గుడ్డవలన ఎవరి గౌరవమును తగ్గదు.

పడకను గూర్చి కొంత. బొంత ఉదుకుట కష్టము; నీరు తక్కువైన యూళ్లలో మఱియు కష్టము. ఉపాయమేమనగా, బొంతమీద పాత నూలుచీర పఱచి, వారమునకొకమారు ఆ చీరనే ఉదుకవలెను. తలగడకు గలీబు తొడిగి, దానిని కూడ వారమున కొకమారు మార్చవలెను. పరుపులోను తలగడలోను కంటికానని ధూళిపురుగులుండును. మన చర్మమునుండి రాలు పొట్టు వాటికాహారము. వాటి మలము ఉబ్బసము గలవారికి ఆయాసము హెచ్చించును. తేమ లేనిచో అవి బ్రతుకజాలవు. కావున ఎండ కాయు దినమున చాప, బొంత, తలగడలను మేడమీదనో వాకిటనో వేసి త్రిప్పుచు ఎండబెట్టుట మన అమ్మమ్మలు చేసిన పనియే గాని క్రొత్తది కాదు. లేచిన వెంటనే పక్కబట్టలను ఉండచుట్టి మూలవేయక, కొంతసేపు గాలికి విప్పియుంచినచో రాత్రి చెమట ఆరిపోవును.

పసిబిడ్డల విషయమున నియమము వేఱు. వారిని వెల్లకిల పండుకొనబెట్టవలెను. ముఖము కప్పరాదు, మెత్తని తలగడలు, వదులు దుప్పట్లు దగ్గర నుంచరాదు, చలియని పొరలుపొరలుగా చుట్టరాదు. అధికమైన వేడిమి పసివారికి ప్రాణాపాయము దేగలదు. మెడకు కట్టిన త్రాళ్లు, గొలుసులు నిద్రవేళ తీసివేయవలెను.

చివరకు బోర్డింగులలో నుండు పిల్లలను గూర్చి. ఇంటిలో తల్లి యుండును. బోర్డింగులో నలువదిమందికి ఒక వార్డెనుండును. అచ్చట దుప్పట్లు మాఱిపోవును, తువాళ్లు మాఱిపోవును, స్నేహితులిద్దఱు ఒక తలగడమీద తలలానించి కథలు చెప్పుకొందురు. తల తలకు తగులుటచేతనే పేలు ముఖ్యముగా వ్యాపించును. పాఠశాలవారు పెద్ద వ్యయము లేకయే నాలుగు పనులు చేయవచ్చునని నా యభిప్రాయము. ప్రతి బిడ్డ దుప్పటికిని, తువాలుకును, రాత్రిబట్టకును సంఖ్య కుట్టించవలెను. రాత్రి చదువు ముగిసిన తరువాత పావుగంటను కడుగుకొనుటకును బట్ట మార్చుకొనుటకును ప్రత్యేకించి గంట కొట్టవలెను. చాపలమధ్య మూరెడు స్థలము విడువవలెను. దురదగల బిడ్డను దూషింపక, ఆ వారమే వైద్యునికి చూపవలెను. ఆ బిడ్డ తన దురదను చెప్పుటకు భయపడని విధముగా వార్డెను మాటలుండవలెను. ఈ నాలుగింటిలో కడపటిదే అన్నిటికంటె కష్టమైనదియు, అన్నిటికంటె ముఖ్యమైనదియు.

విద్యార్థులారా! మీలో ఎనిమిదవ తరగతి దాటినవారు అమ్మ చెప్పువరకు వేచియుండనక్కరలేదు. మీ రాత్రిబట్టను మీరే ఉదుకుకొనగలరు. దండెముమీద మీరే ఆరవేసికొనగలరు. ఇంటిలోని చిన్నవాని కాళ్లు మీరే కడుగగలరు. బడిదుస్తులలో నిద్రపోయిన తమ్ముని నేటి రాత్రి మెల్లగా లేపి, బట్ట మార్చి పండుకొనబెట్టుడు. వాడు కొంత గొణుగును, ఏడ్చినను ఏడ్చును. నాలుగు రాత్రులైన పిమ్మట వాడే వచ్చి తన పాత చొక్కా యెక్కడనని మిమ్ము అడుగును.